పేర్ల వెనక పరుగెత్తిన పిల్ల

తెర మీద పేర్లు మొదలయ్యే ముందు రోషన్ బీ చెప్పులు విప్పి గోడవారగా పెట్టేది. ఎందుకని ఎవరైనా అడిగితే, “పెద్దవాళ్ల పేర్లు కదండీ, పాటతో సహా వస్తున్నాయి” అనేది.

బందరులో ఆమె పనిచేసిన సినిమాహాలులో ఆడవాళ్ల బెంచీ తరగతికి వేరే ద్వారం ఉండేది. టిక్కెట్టు చింపి సగం చేతికిచ్చి లోపలికి పంపడం ఆమె పని. హాలు కప్పు మీది మైకులో రోజూ వేసే భక్తిపాట అయిపోయి, లోపల దీపాలు ఒక్కొక్కటే ఆరి, తెర ముందు పరదా పైకి లేచే వేళకి ద్వారం దగ్గర ఇంకా పదిమంది ఉండేవాళ్లు. అప్పుడు ఆమె అడ్డంగా చెయ్యి చాచి నిలబడేది.

“పేర్లు అయ్యేదాకా ఆగండమ్మా. నాలుగు నిమిషాలు.”

“పేర్లలో ఏముందే? నీ మొగుడి పేరేమన్నా వేస్తున్నారా?”

“నా మొగుడి పేరు వేసేదైతే సముద్రం మీద వెయ్యాలమ్మా,” అనేది రోషన్ బీ తల తిప్పకుండా.

ఆమె భర్త బషీరు దివిసీమలో, నాగాయలంకకి దిగువన ఉన్న ఒక చిన్న ఊళ్లో ఉండేవాడు. ఎండుచేపలు సైకిలు మీద వేసుకుని లంకల్లో అమ్మేవాడు. వాళ్లకి ఒక్కతే కూతురు, జహీదా. డెబ్బై ఏడు నవంబరులో చెల్లెలి పురిటికని రోషన్ బీ బందరు వచ్చింది. వచ్చిన నాలుగో రోజున తుఫాను వచ్చింది. దారులు తెరుచుకుని ఆమె తిరిగి వెళ్లేసరికి ఇల్లున్న చోట ఇసుక ఉంది. బషీరు దొరకలేదు. ఎనిమిదేళ్ల జహీదా దొరకలేదు. వాళ్లిద్దరి ఫోటో ఒక్కటీ లేదు. ఫోటో తీయించుకునే పని వాళ్లకెప్పుడూ పడలేదు.

మళ్లీ బందరుకే వచ్చింది. హాలుకి కొత్త రేకులు వేసి తెరిచాక, ఆ హాల్లో మిషన్ నడిపే అమానుల్లా చెప్పి గేటు దగ్గర పనిలో పెట్టించాడు.

ఆమెకు చదువు రాదు. అందువల్లనేమో, అక్షరాలు ఆమెకు ముగ్గుల్లా కనిపించేవి. ఒక సినిమాలో తామరపువ్వు రేకు విప్పినప్పుడల్లా ఒక పేరు బయటికి వచ్చేది. ఇంకొకదానిలో ఎర్రటి అక్షరాలు చీకటిలోంచి తిరుగుతూ వచ్చి డప్పు మీద దెబ్బ పడగానే ఆగేవి. ఆ సినిమా ఆడినన్నాళ్లూ ఆమె కాలి బొటనవేలితో నేలమీద ఆ దెబ్బ వేస్తూనే ఉంది. పేర్ల కింద వచ్చే వాయిద్యం కథలో మళ్లీ ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో గోడ అవతల నిలబడి విని చెప్పేది. పేర్లు అయిపోగానే ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని బయటికి వెళ్లాలి, సోడాసీసాలు ఏరాలి. ఆట చివర ఐదు నిమిషాల ముందు తలుపులు తీయాలి కాబట్టి ‘శుభం’ మాత్రం మళ్లీ చూసేది. శుభం మీద వాయిద్యం ముగియకముందే దీపాలు వేసేస్తే ఆ రోజు అమానుల్లాతో మాట్లాడేది కాదు.

“సినిమా ఎలా ఉందే రోషన్ బీ?” అనేవాళ్లు బయటికి వచ్చే ఆడవాళ్లు, ఆటపట్టించడానికి.

“మొదలు బాగుందమ్మా. చివర తొందరపడ్డారు.”

“మధ్యలోనో?”

“మధ్యలో మీ పిల్లలు ఏడిచారు.”

“పేర్లు పడేది జనం బీడీలు ముట్టించుకునే టైము,” అనేవాడు అమానుల్లా. “హాలు మొత్తానికి ఆ పేర్లు చూసేది నువ్వొక్కదానివే అక్కా.”

డెబ్బై ఎనిమిది ఆగస్టులో ఒక సినిమా వచ్చింది. దాని పేరు ఇక్కడ అనవసరం, అది ఎక్కడా ఆడలేదు. మొదటిరోజు మొదటి ఆటకి ఎప్పటిలాగే చెప్పులు విప్పి ద్వారం దగ్గర నిలబడింది రోషన్ బీ. పిల్లనగ్రోవి మొదలైంది. పడవలోంచి తీసిన బొమ్మ. కాలువ, గట్టు, గట్టు మీద వరసగా తాడిచెట్లు. ఎడమవైపు పేర్లు నెమ్మదిగా తేలి మునుగుతున్నాయి. ఆరో పేరు దగ్గర కుడి అంచు నుంచి ఒక ఆడపిల్ల గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. పచ్చ పరికిణీ. పడవతో పందెం వేసినట్టు పరుగెత్తి, అక్షరాల వెనక్కి వెళ్లి, అవతలనుంచి బయటికి వచ్చి, ఒక్కసారి మనవైపు తిరిగి, తెర చివర్లోకి వెళ్లిపోయింది. అంతా మూడు సెకన్లు.

పరుగెత్తేటప్పుడు ఎడమపాదం బయటికి విసిరేది జహీదా. తెరమీది పిల్ల అలాగే విసిరింది.

రోషన్ బీ చెయ్యి దించేసింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను తోసుకుంటూ లోపలికి పోయారు.

అంతకు ముందటి ఏడాది మాఘమాసంలో దివిసీమలో వాళ్ల ఊరి పక్కనున్న ఆ కాలువమీద షూటింగు జరిగిందని ఊళ్లో అందరికీ తెలుసు. రోషన్ బీ చూడటానికి వెళ్లలేదు. ఎండబెట్టిన చేపలకు కాపలా ఉండమని జహీదాను కూర్చోబెట్టి తను ఉప్పు కోసం వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చేపల మీద కాకులున్నాయి, పిల్ల లేదు. పొద్దు వాలాక వచ్చింది, చేతిలో బిస్కట్ల పాకెట్టుతో.

“సినిమావాళ్లు ఇచ్చారమ్మీ. గట్టుమీద పరుగెత్తమన్నారు. ఫోటో తీశారు.”

ఊళ్లో అంతమంది ఉండగా ఈ పిల్లనే పరుగెత్తమంటారా? రోషన్ బీ నమ్మలేదు. తాటిమట్టతో కొట్టింది. కాపలా వదిలి వెళ్లినందుకు కొన్ని, అబద్ధం చెప్పినందుకు కొన్ని, దొంగతనానికి ఎక్కువ. చెయ్యి పట్టుకుని ఊళ్లో ఉన్న ఒకే ఒక్క దుకాణానికి లాక్కెళ్లింది. దుకాణం ప్రకాశరావుది.

“మా పిల్ల మీ కొట్లో ఎత్తుకొచ్చిందండీ. క్షమించండి,” అని పాకెట్టు బల్లమీద పెట్టి, పిల్లచేత గుంజిళ్లు తీయించింది. ప్రకాశరావు ఆ పాకెట్టు తనది కాదని అనలేదు. తీసి సీసా వెనక పెట్టుకున్నాడు.

ఆ తరువాత కూడా జహీదా అదే మాట చెప్పేది, “నిజంగా ఇచ్చారమ్మీ” అని. తొమ్మిది నెలలు చెప్పింది. నవంబరు దాకా.

ఇప్పుడు రోషన్ బీ రోజుకు మూడుసార్లు, ఆదివారం నాలుగుసార్లు ఆ పరుగు చూసింది. పిల్ల కుడిచెయ్యి గుప్పిట బిగించి ఉంది. ఆ గుప్పిట్లో పాకెట్టు ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. చూసేలోగా చెయ్యి వెనక్కి ఊగేది.

రెండోరోజు మిషన్ గదికి మెట్లెక్కింది.

“భాయ్, ఆ పిల్ల దగ్గర ఒక్కసారి ఆపుతావా? చేతిలో ఏముందో చూస్తాను.”

అమానుల్లా రీలు విప్పి, ఆ చోటు వెదికి, ఫిల్మును దీపానికి పట్టి భూతద్దం ఇచ్చాడు. పిల్ల చీమంత ఉంది. చెయ్యి గసగసాల గింజంత ఉంది. భూతద్దంలో పెద్దదైంది గాని మసకలోనే పెద్దదైంది.

“తెరమీద పడితేనే కనిపిస్తుంది అక్కా. కానీ ఆపకూడదు. లోపల వెలిగేది కార్బన్ మంట. మిషన్ ఆగితే ఈ రేకు దానంతటదే పడి మంటకి అడ్డం వస్తుంది, తెర చీకటైపోతుంది. రేకు చేత్తో ఎత్తి పట్టుకుంటే బొమ్మ నిలబడుతుంది. ఒకటి, రెండు అనేలోగా మాడిపోతుంది.”

“మాడితే?”

“పోయినట్టే. ఆ ముక్క మళ్లీ రాదు.”

“అయితే వద్దులే,” అంది రోషన్ బీ. రోజుకు మూడుసార్లు వస్తోంది, ఎప్పుడో ఒకప్పుడు కనిపించకపోదు అనుకుంది.

కానీ హాల్లో జనం లేరు. గురువారంతో ఆ సినిమా ఎత్తేస్తున్నారని బుధవారం తెలిసింది. హాలు నడిపేవాడు చిన్నబాబు, యజమాని అల్లుడు. గుడివాడ దగ్గర నలభై ఎకరాల మాగాణి ఉన్న ఇంటినుంచి వచ్చాడు. సెంటు రాసుకునేవాడు. రోషన్ బీ అతని గది గడప దగ్గర నిలబడింది.

“బాబుగారూ, ఇంకొక్క వారం ఉంచండి.”

“దేన్ని?”

“ఈ సినిమానండీ.”

“నువ్వెప్పుడైనా చూశావటే ఆ సినిమా?” అని నవ్వాడు. “పేర్లు తప్ప ఏం చూశావని?”

“పేర్లలోనే ఉందండీ, మా అమ్మాయి.”

అంతా చెప్పింది. తాటిమట్ట సంగతి చెప్పలేదు. చిన్నబాబు మొదట నవ్వాడు. తరువాత నవ్వాపి, బల్లమీద వేళ్లతో కాసేపు వాయించాడు.

“ఉంచుతాను. ఒక పని చేస్తావా? ఆట మొదలయ్యే ముందు నువ్వు స్టేజి ఎక్కాలి. నేను చెప్తాను, నువ్వు నిలబడితే చాలు.”

“ఉంచుతానంటే ఏం చెయ్యమన్నా చేస్తానండీ.”

మర్నాటినుంచి రిక్షాలో మైకు తిరిగింది. బస్టాండు దగ్గర, కోనేరు సెంటరులో, పరాసుపేటలో. “తుఫానులో కొట్టుకుపోయిన చిన్నారి! మీ అభిమాన హాలులో తెర మీద ప్రత్యక్షం! కన్నతల్లిని స్వయంగా చూడండి! టైటిల్సులోనే వస్తుంది, ఆలస్యంగా వచ్చినవారికి దొరకదు!”

జనం వచ్చారు. పెడన నుంచి, గూడూరు నుంచి, గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చారు. భక్తిపాట వేయకముందే బెంచీలు నిండాయి. చిన్నబాబు మైకు పట్టుకుని, “ఈమే ఆ తల్లి” అనేవాడు. పచ్చదీపం రోషన్ బీ మొహం మీద పడేది. ఆమె రెండుచేతులూ కట్టుకుని నిలబడేది. రెండోరోజున “కొంగు కళ్లకద్దుకో” అన్నాడు. అద్దుకుంది. మూడోరోజున మాసిన చీర కట్టుకు రమ్మన్నాడు. ఆమెకు ఉన్నవి రెండే, రెండూ మాసినవే. వాటిలో ఎక్కువ మాసినది కట్టుకు వచ్చింది. స్టేజి దిగగానే ద్వారం దగ్గరికి పరుగెత్తి, చెప్పులు విప్పి నిలబడేది. ఆరో పేరు రాగానే హాలంతా ఈలలు. ఆ ఈలల్లో పిల్లనగ్రోవి వినిపించేది కాదు.

తుఫానులో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు కూడా కొందరు వచ్చారు, గట్టుమీద తమవాళ్లు ఉన్నారేమోనని. పేర్లన్నీ అయ్యేదాకా ముందుకు వంగి చూసేవాళ్లు. వాళ్లవాళ్లు ఎవరూ లేరు. కథ మొదలవగానే లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఆదివారానికి జనం గొణగడం మొదలుపెట్టారు. “ఏదయ్యా పిల్ల? కన్ను మూసి తెరిచేలోగా పాయె! దీనికా గుడివాడ నుంచి వచ్చింది?” “ఆపి చూపించమనండి!”

చిన్నబాబు మిషన్ గదికి వెళ్లాడు.

“ఇవాళ ఫస్టు షోలో పిల్ల దగ్గర ఆపు.”

“కాలిపోతుందండీ.”

“రెండు క్షణాలు ఆపితే ఏం కాలుతుంది?”

“రెండు క్షణాలే చాలండి. పైగా అది ఆమె కూతురు.”

“నీకేమవుతుంది? నువ్వు ఆపకపోతే ఆపేవాడు గుడివాడలో ఉన్నాడు. రేపు పొద్దున్నకల్లా ఈ గదిలో ఉంటాడు.”

అమానుల్లాకి నలుగురు పిల్లలు.

ఆ ఆటకి మా వీధిలోవాళ్లం చాలామందిమి వెళ్లాం. ఆపమని నేను అరవలేదు. అరిచేవాళ్లను వద్దని కూడా అనలేదు.

ఆ రోజు చిన్నబాబు ఆమెను స్టేజి దిగనివ్వలేదు, తెర పక్కనే నిలబెట్టాడు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టకుండా కొంచెం దూరంగా పట్టుకుని అడిగాడు.

“అమ్మా రోషన్ బీ, జనం అడుగుతున్నారు. నీ కూతుర్ని ఆపి చూపిద్దామా?”

“వద్దండీ బాబుగారూ. కాలిపోద్ది. వద్దు.”

ముందు రెండు బెంచీలవాళ్లకి ఆ మాట వినిపించింది. చిన్నబాబు మైకు తనవైపు తిప్పుకున్నాడు. “విన్నారా! కూతుర్ని ఒక్కసారి కళ్లారా చూసుకుంటానని కన్నతల్లే అంటోంది!”

హాలు చప్పట్లు కొట్టింది. దీపాలు ఆరాయి. రోషన్ బీ “భాయ్! వద్దు భాయ్!” అని మిషన్ గది వైపు అరిచింది. ఆ అరుపుకి కూడా చప్పట్లు కొట్టారు.

కాలువ వచ్చింది. గట్టు వచ్చింది. ఒక పేరు తరువాత ఒక పేరు తేలి మునిగాయి. ఆరో పేరు వెనకనుంచి పిల్ల బయటికి వచ్చి మనవైపు తిరిగింది. వాయిద్యం సాగి, మూలిగి, ఆగిపోయింది. పిల్ల ఆగింది.

ఇంత పెద్ద మొహం. ముందుపన్ను ఒకటి లేదు. నవ్వుతోంది. ఒక చెవి మీద అక్షరం చివరి కొమ్ము పడింది. రోషన్ బీ తెరకి రెండు గజాల దూరంలో ఉంది. ఆమె మొహం వైపు చూడలేదు, చేతి వైపు చూసింది. కుడిచెయ్యి పైకి లేచి ఉంది. గుప్పిట్లోంచి ఎర్రకాగితం, చింపిన మూల, లోపల తెల్లని బిస్కట్లు.

అప్పుడే పరికిణీ మీద గోధుమరంగు మచ్చ పుట్టింది. అది నీళ్లు మరిగినట్టు బుడగలు కట్టి, చేతి మీదికి పాకి, మొహం మీదికి పోయింది. తెర మధ్యలో తెల్లని కన్నం పడింది. హాల్లో అన్నిటికంటే పెద్ద ఈలలు అప్పుడు వచ్చాయి. “వన్స్‌మోర్!” అన్నాడెవడో. నవ్వులు.

రేకు వదిలేసి కంగారులో మిషన్ తిప్పాడు అమానుల్లా. కాలిన చోట ఫిల్ము ఇరుక్కుని, వెనకాలది వచ్చి దానిమీద పడి, నాలుగైదు అడుగులు నలిగి చిరిగిపోయింది. మూడు సెకన్ల పరుగు కూడా సరిగ్గా అంతే ఉంటుందట.

చిరిగినది కత్తిరించి అతికించాడు. రెండో ఆటలో ఆరో పేరు దగ్గర పిల్ల కుడి అంచులో ఇలా తొంగి చూసింది. వెంటనే బొమ్మ ఎగిరిపడి, వట్టి గట్టు వచ్చింది. అప్పటికే ఆ ఆటకి ఊరంతా వచ్చి ఉంది. “మోసం! మోసం!” అని అరిచారు. రెండు బెంచీలు విరిగాయి. చిన్నబాబు మర్నాడు రోషన్ బీని పిలిచాడు.

“నీ కూతురి మూలంగా హాలుకి చెడ్డపేరు వచ్చింది. రేపటినుంచి రాకు.”

“సరేనండీ. ఆ చిరిగిన ముక్కలు...”

“చెత్తబుట్టలో ఉంటాయి, ఏరుకో.”

అమానుల్లా అప్పటికే వాటిని ఏరి పాత కాగితంలో చుట్టి ఉంచాడు. అన్నీ ఇచ్చాడు. నడుమ ముక్కకి నల్లని అంచుతో కన్నం ఉంది. మిగతావాటిలో పిల్ల చీమంత ఉంది, చెయ్యి గసగసాల గింజంత. అంచు చిల్లులన్నీ చిరిగిపోయాయి, ఏ మిషన్‌లోనూ ఎక్కవు.

“చేతిలో పాకెట్టు ఉంది భాయ్. నువ్వు చూశావుగా?”

“నేను రేకు పట్టుకుని ఉన్నాను అక్కా. తెర వైపు చూడలేకపోయాను.”

ఆ వారమంతా ఆమె వీధివీధీ తిరిగింది. ఆ ఆటకి వెళ్లిన ఇల్లు తెలిస్తే చాలు, గుమ్మం దగ్గర నిలబడేది.

“పిల్ల చేతిలో ఏమున్నదో చూశారామ్మా?”

“చేతిలోనా? మొహమే చూశాం తల్లీ. ఆ పన్నూ ఆ నవ్వూ. పాపం.”

“కాలిపోవటం మాత్రం భలేగా ఉందే,” అంది ఒకావిడ.

మా ఇంటికి కూడా వచ్చింది. నేనూ మొహమే చూశాను.

చివరికి బస్సెక్కి పాత ఊరు వెళ్లింది. ప్రకాశరావు బతికే ఉన్నాడు. తుఫాను రోజు రాత్రి తాడిచెట్టు పట్టుకుని నిలిచాడట. సర్కారువాళ్లు ఇచ్చిన రేకులతో మళ్లీ దుకాణం వేసుకున్నాడు. రోషన్ బీని చూసి గుర్తుపట్టి, ముక్కాలిపీట వేసి, మంచినీళ్లు ఇచ్చాడు.

“ఆ రోజు నేను తెచ్చి ఇచ్చిన పాకెట్టు మీది కాదు కదండీ?” అని అడిగింది.

ప్రకాశరావుకి వెంటనే గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, ఏమీ దాచుకోకుండా చెప్పాడు.

“నా దగ్గర ఆ రకం బిస్కట్లు ఎప్పుడున్నాయమ్మా! నాది కాదని తెలుసు.”

“మరి చెప్పలేదేమండీ?”

“నేను అడిగానా? నువ్వే తెచ్చి బల్లమీద పెట్టావు.”

ఆమె నీళ్లగ్లాసు కడిగి బోర్లించి, తిరిగి బస్సెక్కింది.

రోషన్ బీ ఇప్పుడు పెడనలో ఉంటోంది. అక్కడి అద్దకం షెడ్డులో పని. పొద్దున ఆరింటికి కాలువలో దిగి, సాయంత్రం ఐదింటిదాకా అచ్చువేసిన దుప్పట్లు ఉతుకుతుంది.